ముందుచర్మం వెనక్కి రాకపోతే సున్తీ చేయించాల్సిందేనా?

ప్రశ్న: మా బాబుకు 5 ఏళ్లు. అంగం ముందుచర్మం వెనక్కి రావడం లేదు. మూత్రం పోసేటప్పుడు అక్కడ కాస్త ఉబ్బుతోంది కానీ నొప్పి లేదంటున్నాడు. డాక్టర్ సున్తీ చేయించమన్నారు. అది మన ఆచారం కాదని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బాబుకు ఇప్పటికిప్పుడు ఆపరేషన్ అవసరమని నాకు అనిపించడం లేదు. పుట్టినప్పుడు దాదాపు మగపిల్లలందరికీ ముందుచర్మం అంగం కొనకు అతుక్కునే ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ దానంతట అదే విడివడుతుంది. డెన్మార్క్‌లో బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి 1968లో ప్రచురించిన అధ్యయనంలో, 6-7 ఏళ్ల వయసులో సుమారు 8 శాతం మందికి చర్మం బిగుతుగా ఉండగా, 16-17 ఏళ్లకు అది 1 శాతానికి తగ్గింది. నొప్పి, ఇన్ఫెక్షన్ లేనంతవరకు మూత్రం పోసేటప్పుడు ఉబ్బడం కూడా జబ్బు కాదు. స్నానం చేయించేటప్పుడు మాత్రం చర్మాన్ని దయచేసి బలవంతంగా వెనక్కి లాగకండి. అలా లాగితే చర్మం చిట్లి, ఆ గాయం మచ్చకట్టి, లేని బిగుతును మనమే తెచ్చిపెట్టినట్లవుతుంది.

చర్మం కొన తెల్లబడి గట్టిగా ముడుచుకుపోయినా, మాటిమాటికీ వాచి చీము పడుతున్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ తిరగబెడుతున్నా సున్తీ గురించి ఆలోచించాలి. మచ్చకట్టని మామూలు బిగుతుకైతే, డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని వారాలు స్టిరాయిడ్ పూతమందు వాడితే చాలామందికి ఆపరేషన్ లేకుండానే చర్మం వదులవుతుంది. వెనక్కి వెళ్లిన చర్మం ముందుకు రాక వాపు వస్తే అది అత్యవసరం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక మీ అత్తగారి అభ్యంతరం. సున్తీ ఏ ఒక్క మతంతోనో మొదలైంది కాదు. ఈజిప్టులోని సక్కారాలో నాలుగు వేల ఏళ్ల కిందటి సమాధి గోడపైనే ఈ దృశ్యం చెక్కి ఉంది. యూదులు అబ్రాహాముతో దేవుడు చేసుకున్న నిబంధనకు గుర్తుగా బిడ్డ పుట్టిన 8వ రోజున చేయిస్తారు. ముస్లింలు ప్రవక్త సంప్రదాయంగా పాటిస్తారు, మన ఊళ్లలో దీన్నే ఒడుగులు అంటారు. దక్షిణాఫ్రికాలోని ఖోసా తెగవారికి ఇది కుర్రవాడు మగవాడయ్యాడని చాటే వేడుక, ఫిలిప్పీన్స్‌లో క్రైస్తవ కుటుంబాలూ చేయిస్తాయి. కాబట్టి వైద్య కారణంతో చేసే ఆపరేషన్ వల్ల మీ ఆచారానికి వచ్చే లోటేమీ లేదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. అయితే ఆచారంగా చేయించే కుటుంబాలకు నా విన్నపం ఒకటుంది: మత్తు ఇచ్చి, శుభ్రమైన ఆపరేషన్ గదిలో, సర్జన్ చేతనే చేయించండి. ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బుంటే ముందే చెప్పండి. మూత్రరంధ్రం కొనన కాక కిందివైపు ఉన్న పిల్లలకైతే అసలు చేయించకూడదు, ఎందుకంటే ఆ లోపాన్ని సరిచేయడానికి ఆ చర్మమే కావాలి.

సున్తీతో హెచ్‌ఐవీ రాదన్న మాట కూడా మీ చెవిన పడి ఉండవచ్చు. స్త్రీల నుంచి పురుషులకు అది సోకే ముప్పు సుమారు 60 శాతం తగ్గుతుందని ఆఫ్రికాలో జరిపిన పరీక్షల్లో తేలాక, ఆ వ్యాధి బాగా ప్రబలిన ప్రాంతాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దీన్ని సూచించింది. అయిదేళ్ల మీ బాబు విషయంలో అది కారణం కాదు.

ఒకసారి పిల్లల సర్జన్‌కు చూపించండి. ఆయన కూడా సున్తీ చేయాలంటే, పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించిందో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.