ఒకే స్టాఫ్‌ని ఇద్దరు చూస్తే రీడింగ్ ఎందుకు మారుతుంది?

పర్లాకిమిడి దగ్గర కాలవ లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) తీస్తుంటే ఒకే స్టాఫ్‌కి (నిలబెట్టే అంకెల కొలకర్రకి) మీకొక రీడింగ్, మీ హెల్పర్‌కి ఇంకొకటి వస్తోందన్నారు కదా, వెంటనే లెవెల్ మిషన్‌ని తిట్టకండి, చాలావరకు అది పారలాక్సే. క్రాస్‌హెయిర్స్ (టెలిస్కోప్ లోపల కనిపించే అడ్డ, నిలువు గీతలు) ఉన్న చోటే స్టాఫ్ బొమ్మ పడకపోతే కన్ను కొంచెం పైకీ కిందకీ కదిపినప్పుడల్లా గీత స్టాఫ్ మీద జారుతుంది.

ముందు టెలిస్కోప్‌ని ఆకాశం వైపో (సూర్యుడి వైపు మాత్రం వద్దు, కన్ను పోతుంది) తెల్ల కాగితం వైపో తిప్పి, ఐపీస్ (కన్ను పెట్టి చూసే చివరి అద్దం) తిప్పుతూ గీతలు సన్నగా నల్లగా కనపడేలా పెట్టుకోండి, ఆ తర్వాతే ఫోకస్ నాబ్‌తో స్టాఫ్. మళ్ళీ కన్ను కదపండి, గీత కదలకపోతే ఓకే. ఐపీస్ ఎవరి కంటికి వాళ్ళదే, మనిషి మారితే మళ్ళీ చేసుకోవాల్సిందే, ఇది చాలామంది బద్ధకిస్తారు.

థియోడలైట్ (కోణాలు కొలిచే మిషన్) అయితే రాడ్ (గురి కోసం నిలబెట్టే కర్ర) అడుగుకి గురిపెట్టండి, పైన పెడితే 100 మీటర్ల దూరంలో రాడ్ 1 సెంటీమీటర్ పక్కకి ఒరిగినా కోణం దాదాపు 20 సెకన్లు (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తప్పుతుంది. టాంజెంట్ స్క్రూ (గురిని సన్నగా సరిచేసే స్క్రూ) చివరి తిప్పు బిగించే వైపే ఉండాలి. మధ్యాహ్నం మహేంద్రతనయ నది ఇసుక మీద వేడికి స్టాఫ్ అంకెలు అల్లాడిపోతుంటే మాత్రం ఏ ఫోకసూ పనిచెయ్యదు, పొద్దున్నే చూసేసుకోండి.