గుండె పంపింగ్ 60 శాతం ఉన్నా పెరికార్డియం తీసేయాలని ఎందుకంటున్నారు?

మీ నాన్నగారికి పొట్ట, కాళ్ళు ఉబ్బితే చాలాకాలం లివర్ జబ్బని మందులు వాడారు, ఇప్పుడేమో గుండె చుట్టూ ఉండే పొర (పెరికార్డియం) గట్టిపడింది, ఆపరేషన్ చేయాలంటున్నారు, పంపింగ్ బాగానే ఉన్నప్పుడు ఇదంతా ఎందుకు అని కదా మీ ప్రశ్న. మా అన్నయ్యకు ఇదే జబ్బు వచ్చినప్పుడు మేమూ ఇదే అడిగాం. దీన్ని కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్ అంటారు. నేను డాక్టర్ని కాదండి. పక్కనుండి చూసిందీ, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకున్నదీ చెప్తాను.

పంపింగ్ శాతం చూస్తే గుండె ఎంత బాగా ముడుచుకుంటోందో తెలుస్తుంది, అంతే. ఈ జబ్బులో ముడుచుకోవడం బాగానే ఉంటుంది, విచ్చుకోవడానికే చోటుండదు. మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండే పెరికార్డియం మందమై, కొందరిలో సున్నం కూడా చేరి, పెంకులా బిగుసుకుంటుంది. గుండెలోకి చేరాల్సిన రక్తం లోపల పట్టక వెనకే నిలిచిపోతుంది. లివర్ ఉబ్బడం, పొట్టలో నీరు, కాళ్ళ వాపు అన్నీ అక్కడినుంచి వచ్చేవే. చుక్క మందు ముట్టని మా అన్నయ్యను ఎంతమంది "ఎన్నేళ్ళ అలవాటు?" అని అడిగారో లెక్కలేదు.

మా కేసు మలుపు తిరిగింది మెడ దగ్గర. ఒక డాక్టర్ అన్నయ్యను ఏటవాలుగా పడుకోబెట్టి ఊపిరి గట్టిగా పీల్చమన్నారు. మామూలుగా అప్పుడు మెడ నరాల (అంటే రక్తనాళాల) ఉబ్బు తగ్గాలి, అన్నయ్యకు ఇంకా పెరిగింది. ఉత్త సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడయ్యే జబ్బు) అయితే మెడ నరాలు ఇలా ఉబ్బవట. వెంటనే ఆ డాక్టర్, అన్నయ్య పొట్టలోంచి తీసిన నీటి పాత రిపోర్టు అడిగారు. సిరోసిస్ వల్ల చేరే నీటిలో ప్రోటీన్ సాధారణంగా తక్కువ, గుండె వైపు నుంచి వచ్చే నీటిలో ఎక్కువగా డెసీలీటరుకు 2.5 గ్రాములు దాటుతుంది. ఆ అంకె మా ఫైల్లో మొదటినుంచీ ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు. మీ ఫైల్లో కూడా ఒకసారి వెతకండి.

ఆ తర్వాత అసలు చిక్కు ఒకటుంది. గుండె కండరమే బిరుసెక్కే రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతి అనే జబ్బులోనూ లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ అక్కడ పొర తీసేసి లాభం లేదు. కాబట్టి ఏది ఏదో తేల్చకుండా కత్తి పట్టరు. సిటి స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది, మామూలుగా కనిపించినంత మాత్రాన జబ్బు లేదని మాత్రం కాదు. ఎకో (గుండె స్కాన్) కూడా ఊపిరి తీసుకోవడం, వదలడం పక్కనే రికార్డు చేస్తూ తీయాలి. ఊపిరితోపాటు గుండె మధ్యగోడ అటూఇటూ జరుగుతోందా, కవాటాల గుండా రక్త ప్రవాహం మారుతోందా అని చూస్తారు. అన్నయ్య విషయంలో అప్పటికీ సందేహం మిగలడంతో రెండు జఠరికల్లోకీ (గుండె కింది గదుల్లోకి) ఒకేసారి క్యాథెటర్లు, అంటే సన్నని గొట్టాలు, పంపి ప్రెషర్లు కొలిచారు. ఊపిరి పీల్చినప్పుడు కుడివైపు ప్రెషర్ పెరుగుతూ ఎడమవైపు తగ్గితే పొర బిగుసుకున్నట్టు, రెండూ కలిసే కదిలితే తప్పు కండరంలో ఉన్నట్టు. మాకు టెన్షన్ తీరింది ఆ పరీక్షతోనే.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు "పొరలో ఇంకా వాపు, ఇన్‌ఫ్లమేషన్ ఉందా?" అని తప్పకుండా అడగండి. రక్తపరీక్షలో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సిఆర్‌పి ఎక్కువగా ఉండి, ఎమ్మారైలోనూ వాపు కనిపిస్తే, రెండు మూడు నెలలు వాపు తగ్గే మందులతోనే కొందరికి బిగుతు వదులుతుంది. కారణం టీబీ అయితే దాని మందులు ఎలాగూ వాడాలి. ఛాతీకి రేడియేషన్, పాత గుండె ఆపరేషన్, వైరస్ కూడా కారణాలే. చాలామందిలో కారణమే దొరకదు. అన్నయ్యదీ అంతే.

వాపు లేదు, పొర ముదిరిపోయింది అని తేలితే మాత్రం నీరు పోయే మాత్రలతో నెలలు నెట్టుకురావద్దు. లివర్, కిడ్నీలు దెబ్బతిన్నాక చేస్తే ఆపరేషన్ రిస్క్ బాగా పెరుగుతుంది. రేడియేషన్ వల్ల వచ్చినవాళ్ళకు అది ఇంకా ఎక్కువ. ఇది చిన్న ఆపరేషన్ అని ఎవరైనా అంటే నమ్మకండి. రొమ్ము ఎముక కోసి, డయాఫ్రంకు (ఊపిరి పీల్చడానికి పనిచేసే కండరానికి) వెళ్ళే రెండువైపుల ఫ్రెనిక్ నరాల మధ్య ఉన్న పొరనీ, గుండె కింది భాగంలోదాన్నీ ఒలుస్తారు. సున్నం కండరంలోకి దిగిన చోట బలవంతంగా లాగితే గుండె చిరిగే ప్రమాదం ఉంది, అందుకని అక్కడక్కడ ముక్కలు వదిలేస్తారు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మిషన్ సిద్ధంగా పెట్టుకుంటారు. ముందుభాగం ఒక్కటే తీసేసి వదిలితే బిగుతు మిగిలిపోయే అవకాశం ఎక్కువ. నా లెక్కలో పేరున్న ఆసుపత్రి కన్నా, ఇవి తరచుగా చేసే సర్జన్ ముఖ్యం. మీరు ఎన్ని చేశారని అడగడానికి మొహమాటపడకండి.

మర్నాటికల్లా లేచి తిరుగుతారని అనుకోకండి. ఇన్నాళ్ళూ బిగుసుకుని ఉన్న గుండె ఒక్కసారిగా వదులైతే కొన్నాళ్ళు నీరసపడొచ్చు. అన్నయ్యకు ఐసీయూలో గుండెకు బలమిచ్చే మందులు ఎక్కించారు. కాళ్ళ వాపు త్వరగానే దిగింది, పొట్ట తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది.

ఇంకో మాట. ఈ జబ్బులో గుండె ఒకసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తక్కువ, ఆ లోటును వేగంగా కొట్టుకుని భర్తీ చేసుకుంటుంది. అందుకని నాడి వేగంగా ఉందని ఎవరైనా బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) రాసిస్తే, వేసే ముందు మీ కార్డియాలజిస్టుకు ఒక ఫోన్ చేయండి.