ఉచిత చాట్ కౌన్సెలింగ్‌లో మొదట ఏమి రాయాలి?

ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే మానసిక సాయం నిజంగా పనికొస్తుందా, ఇంట్లో తెలిసిపోతుందా, అసలు ఏమని మొదలుపెట్టాలి అని అడిగారు. చదువుకునే రోజుల్లో అలాంటి చాట్ సేవను వాడుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, పనికొస్తుంది.

చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, చాలామంది ఆగిపోయేది అక్కడే. కథంతా మొదటి నుంచి, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పాలేమో అనుకుంటాం. అంత అక్కర్లేదు. నేను రాసింది ఇంతే: "నిద్ర పట్టడం లేదు. పుస్తకం తెరిస్తే ఏడుపు వస్తోంది. ఎందుకో తెలియదు." అవతలి నుంచి వచ్చిన జవాబూ చిన్నదే: "ఎందుకో తెలియకపోయినా ఫరవాలేదు. ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అక్కడి నుంచి తిండి గురించి, చదువు గురించి, ఇంట్లో ఎవరితో మాట్లాడగలను అన్నదాని గురించి ఒక్కో ప్రశ్న అడుగుతూ వెళ్లారు. నోరు విప్పి ఎవరికీ చెప్పలేనిది రాయగలిగాను. రాసేటప్పుడు గొంతు పూడుకుపోయినా ఎవరికీ తెలియదు, పక్క గదిలోకి మాట వినిపించదు. ఫోనులో మాట్లాడటానికి భయపడే పిల్లలకు ఇది ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

మధ్యలో "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడుగుతారు. ఉలిక్కిపడకండి. అలా అడగాలని వాళ్లకు శిక్షణలోనే నేర్పుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ ఆలోచన ఇప్పుడే బలంగా ఉంటే మాత్రం చాట్‌లో వంతు కోసం ఎదురుచూడవద్దు. మీ ప్రాంతపు అత్యవసర నంబరుకు ఫోను చేయండి, దగ్గర ఉన్న మనిషిని పిలవండి.

గోప్యత సంగతి. పేరు చెప్పకుండానే మాట్లాడనిచ్చే సేవలు చాలా ఉన్నాయి, మామూలుగా ఇంట్లోవారికి చెప్పరు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం వేరేవారి సాయం తీసుకుంటారు. అది న్యాయమే అంటాను. మీ మాటలు ఎక్కడ దాస్తారు, ఎవరితో పంచుకుంటారు అన్నది కూడా చూసుకోండి. అమెరికాలో 2013లో మొదలైన క్రైసిస్ టెక్స్ట్ లైన్, ఫోను సందేశాల ద్వారా ఎంతో మందికి అండగా నిలిచిన సేవ. అయినా అక్కడి సంభాషణల సమాచారాన్ని, పేర్లు తీసేసి, ఒక వ్యాపార సంస్థతో పంచుకున్నారని 2022 జనవరిలో పత్రికల్లో వచ్చింది. విమర్శలు రాగానే ఆపేశారు. మంచి సంస్థ అయినంత మాత్రాన నిబంధనలు చదవకుండా వదిలేయకూడదని అందుకే అంటున్నాను.

జవాబిచ్చేది ఎవరో కూడా తెలుసుకోండి. క్రైసిస్ టెక్స్ట్ లైన్‌లో శిక్షణ పొందిన వాలంటీర్లు ఉంటారు. ఆస్ట్రేలియాలో 1991 నుంచి నడుస్తున్న కిడ్స్ హెల్ప్‌లైన్‌లో 5 నుంచి 25 ఏళ్ల వారితో అర్హత ఉన్న కౌన్సెలర్లే మాట్లాడతారు. భారతదేశంలో ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక సాయం సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు, కానీ అది ప్రధానంగా ఫోను సేవ. కొన్ని యాప్‌లలో జవాబిచ్చేది మనిషి కాదు, కంప్యూటరే. మనసు బాగా కుంగి ఉన్నప్పుడు దాని మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రద్దీ వేళల్లో చాలాసేపు ఆగాలి. ప్రతిసారీ కొత్త మనిషి రావచ్చు, చెప్పిందే మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ఒకరితో మాట కుదరకపోతే మర్యాదగా ముగించి మరోసారి ప్రయత్నించండి, అందులో తప్పేమీ లేదు. మందులు రాయడం, జబ్బు ఇదీ అని తేల్చడం వాళ్ల పని కాదు. నన్ను కూడా చివరికి డాక్టరు దగ్గరికే పంపారు. ఆ సంభాషణను దాచుకునే వీలుంటే దాచుకోండి. డాక్టరు ఎదుట కూర్చున్నాక నాకు మాట పెగల్లేదు, ఫోనులో రాసుకున్నదే చూపించాను. ఆయన అదంతా చదివాకే ప్రశ్నలు మొదలుపెట్టారు.