బ్లూ టాంగ్ పోయింది, ఇంకోటి కొనాలా?

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 38 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, నెలకు 78,000 చేతికొస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 24,000, ఇంటి ఖర్చు 34,000, పాప స్కూలు ఫీజు నెల లెక్కన 8,000, ఊళ్లో అమ్మానాన్నలకు 4,000. మిగిలిన దాంట్లోంచి రెండేళ్లుగా ఉప్పునీటి అక్వేరియం నడుపుతున్నాను. నెలకు రెండు వేల దాకా అవుతుంది. నాలుగడుగుల ట్యాంకు, 300 లీటర్లు. ఇప్పటిదాకా దాని మీద లక్షా నలభై వేలు పెట్టాను. మే నెలలో ఒక మధ్యాహ్నం నాలుగు గంటలు కరెంటు పోయింది. ఆ తర్వాత మా బ్లూ టాంగ్ చేప ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చి, వారం తిరక్కుండానే చనిపోయింది. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక ఫైర్ ఫిష్, రెండు రొయ్యలు బాగానే ఉన్నాయి. తొమ్మిదేళ్ల మా పాప రోజూ ఆ చేప గురించే అడుగుతోంది. షాపతను 5,500కి ఇంకో బ్లూ టాంగ్ ఉందని, రెండు రోజుల్లో చెప్పమని అన్నాడు. ఇన్సెంటివ్‌లో ఆ డబ్బు పక్కన పెట్టాను. అసలు చేపే లేకపోతే పెట్టిందంతా వృథా అనిపిస్తోంది. కొనమంటారా, కోరల్స్ (పగడాలు) పెట్టమంటారా, లేక ట్యాంకే అమ్మేయమంటారా? ట్యాంకు నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొన్నప్పటి క్రెడిట్ కార్డు బాకీ 22,000 ఉంది, మినిమం డ్యూ 1,100 కడుతున్నాను. వడ్డీ నెలకు 3.6 శాతం. సేవింగ్స్‌లో 60,000, ఎఫ్‌డీ లక్షన్నర ఉన్నాయి. ఆఫీసు గ్రూప్ పాలసీ తప్ప వేరే ఇన్సూరెన్స్ లేదు.

జవాబు: కొనకండి. ఇప్పుడే కాదు, ఆ రకం చేప అయితే తర్వాత కూడా వద్దు. ట్యాంకు మాత్రం అమ్మక్కర్లేదు. మీరు పక్కన పెట్టిన 5,500 ట్యాంకు మీదే ఖర్చు పెట్టండి, కానీ బతికున్న చేపల కోసం. ఎందుకో చెబుతాను.

ముందుగా, పాపకు నా మాటగా చెప్పండి, చాలా బాధగా ఉందని. బ్లూ టాంగ్ మనిషిని గుర్తుపట్టే చేప. అద్దానికి క్లిప్పు పెట్టి ఎండు సముద్రపు నాచు ముక్క తగిలిస్తే పరుగున వచ్చి చేతి దగ్గరే కొరుక్కు తింటుంది. రెండేళ్లు అలా తినిపించిన పిల్లకు అది ‘ఇంకోటి తెస్తాలే’ అంటే తీరే వెలితి కాదు. పైగా ఇప్పుడు తెచ్చేది కూడా నెల తిరక్కుండా పోతే ఆ పిల్ల రెండోసారి ఏడుస్తుంది. అలా జరిగే అవకాశం చాలా ఎక్కువ.

మీరు రాసిన లక్షణాలను బట్టి అది ఇక్ అనే తెల్లచుక్కల జబ్బులా ఉంది. ఉప్పునీళ్లలో దీన్ని తెచ్చే పరాన్నజీవి పేరు క్రిప్టోకేరియాన్. అది కొన్నాళ్లు చేప ఒంటి మీద ఉండి, తర్వాత రాలిపోయి, ఇసుకలోనూ రాళ్ల మీదా గుడ్డులాంటి తొడుగులో దాక్కుంటుంది. అక్కడ పగిలి వందల పిల్లలై మళ్లీ చేపను వెతుక్కుంటుంది. టాంగ్ జాతికి ఇది తేలిగ్గా అంటుకుంటుంది. క్లౌన్ ఫిష్‌లు పైకి బాగానే కనిపిస్తూ దాన్ని మోస్తూ ఉండవచ్చు. కరెంటు పోయిన నాలుగు గంటలూ చిల్లర్ ఆగింది, పంపులు ఆగాయి. మే ఎండకు 26 డిగ్రీలు ఉండాల్సిన నీళ్లు వేడెక్కాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది. అప్పటికే ట్యాంకులో ఉన్న జబ్బు, నీరసపడ్డ చేపను పట్టుకుంది. అంటే మీ చేపను చంపిన రెండు కారణాలూ, జబ్బూ కరెంటూ, ఇంకా అలాగే ఉన్నాయి. ఆ నీళ్లలోకి 5,500 రూపాయల చేపను వదలడమంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.

జబ్బు సంగతి పక్కన పెట్టినా, బ్లూ టాంగ్ మీ ట్యాంకుకు పనికిరాదు. షాపులో అది రెండు మూడు అంగుళాలుంటుంది. పెరిగితే అడుగు దాకా వస్తుంది. రోజంతా బారుగా ఈదే చేప. దానికి ఆరడుగుల ట్యాంకు, సుమారు 680 లీటర్లు ఉండాలని పెంచేవాళ్లు అంటారు. కొన్నాక ఏడాదికో రెండేళ్లకో మీరు పెద్ద ట్యాంకు వైపు చూస్తారు. అప్పుడు ఉప్పు, కరెంటు, చిల్లర్ సైజు అన్నీ రెట్టింపు. ఫ్లాటులో ఉంటే నీళ్లే 680 కిలోలు, రాళ్లూ అద్దమూ వేరే. కాబట్టి షాపతను చెప్పిన 5,500 ఆ చేప ఖరీదు కాదు, దాని వెంట వచ్చే ఖర్చులకు మొదటి వాయిదా.

‘పెట్టిందంతా వృథా’ అన్నారు. ఈ మాట నాకు ఉత్తరాల్లో చాలా కనిపిస్తుంది, సగం కట్టి ఆపేసిన పాలసీల గురించి, ధర పడిపోయిన ప్లాటు గురించి. లక్షా నలభై వేలు వెళ్లిపోయాయి. కొత్త చేప కొంటే అవి తిరిగి రావు, కొనకపోతే కొత్తగా పోవు. ఇప్పుడు చూడాల్సింది ఒక్కటే: ఇకపై పెట్టే ప్రతి రూపాయికి ఏమొస్తుంది? రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక ఫైర్ ఫిష్ హాయిగా తిరుగుతున్న ట్యాంకు వృథా కాదు కదండీ. క్లౌన్ ఫిష్‌లు బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి. మీ పాప పెళ్లి నాటికి కూడా అవి ఉండవచ్చు.

ఇక లెక్కలకు వద్దాం. నెలకు రెండు వేలన్నారు. నాకు నమ్మకం కలగలేదు, అందుకే విడదీసి చూశాను. వారానికి పది శాతం నీళ్లు మారుస్తారనుకుంటే నెలకు 120 లీటర్లు. లీటరుకు 36 గ్రాముల లెక్కన నాలుగుంపావు కిలోల పైచిలుకు ఉప్పు. అక్వేరియం ఉప్పు 20 కిలోల బకెట్ 6,800 అనుకుంటే, ఉప్పుకే 1,470. కరెంటు చూడండి. 200 వాట్ల చిల్లర్ సగటున రోజుకు పది గంటలు తిరిగితే రెండు యూనిట్లు. పంపులు, నీళ్లలోని మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్ కలిపి 60 వాట్లయినా రాత్రీ పగలూ తిరుగుతాయి కాబట్టి దాదాపు యూనిట్‌న్నర. లైట్లకు ఇంకో ముప్పాతిక. నెలకు 127 యూనిట్లు. ఏసీ ఉన్న ఇంట్లో ఇవన్నీ పై స్లాబులోనే పడతాయి, ఆ స్లాబుల్లో యూనిట్ 8.75 లేదా 9.75. అంటే 1,200 అటూ ఇటూ, సర్దుబాటు చార్జీలు కాకుండా. మేత 600, కార్బన్, ఫిల్టర్ సాక్సులు, టెస్ట్ కిట్లు కలిపి 500. మొత్తం 3,770. చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. చిల్లర్, పంపులు, లైట్లు ఎప్పటికీ ఉండవు. వాటి విలువ 90,000 అనుకుని ఆరేళ్లలో మార్చాలంటే నెలకు 1,250 పక్కన పడాలి. అప్పుడు ట్యాంకు అసలు ఖర్చు నెలకు ఐదు వేలు. మీకు అన్నీ పోను మిగిలేది ఎనిమిది వేలు. చిల్లర్ కొన్నప్పుడు కార్డు గీకాల్సి వచ్చిందంటే కారణం ఇదే, ఆ 1,250 ఎక్కడా పడలేదు.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. చేప చనిపోయినందువల్ల ఈ ఖర్చు తగ్గలేదు, చిన్న చేప ఒకటి చేరితే పెద్దగా పెరగదు కూడా. అందుకే ‘ఎలాగూ నడుపుతున్నాం, ఇంకో చేప పెడితే ఏం పోయింది’ అన్న వాదన చిన్న చేపల విషయంలో నిజమే. టాంగ్ విషయంలో కాదు.

కార్డు గురించి గట్టిగా చెప్పాలి. 22,000 మీద నెలకు 3.6 శాతం అంటే 792 రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 935. మీరు కట్టే 1,100లో బాకీకి జమ అవుతున్నది 165 రూపాయలు మాత్రమే. ఆరు నెలల వడ్డీ పెడితే షాపతను చెప్పిన చేప వచ్చేస్తుంది. అటు సేవింగ్స్‌లో 60,000కు మీకు మూడు శాతం కూడా రావడం లేదు. ఈ వారంలోనే అందులోంచి 22,000 తీసి కార్డు పూర్తిగా కట్టేయండి. స్టేట్‌మెంట్ తేదీ తర్వాత పడే చిన్న వడ్డీ కూడా అడిగి కట్టి, బాకీ సున్నా అయిందని చూసుకోండి. మిగిలిన 38,000, ఎఫ్‌డీ లక్షన్నర కలిపితే మీ ఇంటికి రెండున్నర నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆరు నెలలది ఉండాలి, అది మెల్లగా పోగుచేద్దాం. కానీ 43 శాతం వార్షిక వడ్డీ కడుతూ పక్కన డబ్బు దాచుకోవడం అత్యవసర నిధి అనిపించుకోదు.

ఇప్పుడు ఆ 5,500. అందులో నాలుగు వేలతో ఒక 60 లీటర్ల మామూలు గాజు ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్, చేపలు దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, కాపర్ మందు, దాన్ని కొలిచే టెస్ట్ కిట్ తెచ్చుకోండి. ఇసుక వద్దు, రాళ్లు వద్దు. ఉన్న మూడు చేపలను అందులోకి మార్చి మందు వేయాలి. రొయ్యలను మాత్రం పెద్ద ట్యాంకులోనే ఉంచండి, కాపర్ వాటిని చంపేస్తుంది. అదే కారణంగా పెద్ద ట్యాంకులో ఆ మందు చుక్క కూడా పడకూడదు. మోతాదు, రోజువారీ అమ్మోనియా పరీక్ష విషయంలో అనుభవం ఉన్నవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి, అంచనాతో వేయకండి. పెద్ద ట్యాంకులో చేప లేకుండా ఆరు నుంచి పదకొండు వారాలు గడిస్తే, అంటుకోవడానికి చేప దొరక్క ఆ పురుగు చచ్చిపోతుంది. ఎన్ని ఎక్కువ వారాలు ఆగితే అంత మంచిది. మిగిలిన పదిహేను వందలతో కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు కొనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, నీళ్లను తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపును దానికి కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. చిన్న ఇన్వర్టర్ చిల్లర్‌ను మోయలేదు, దాన్ని కలపొద్దు. నీళ్లు కదులుతూ ఉంటే వేడిని చేపలు కొంతసేపు తట్టుకుంటాయి.

ఈ చిన్న ట్యాంకును తర్వాత పారేయకండి. ఇకపై ఏ చేప కొన్నా నాలుగు నుంచి ఆరు వారాలు అందులోనే ఉండాలి. నన్నడిగితే ఉప్పునీటి అక్వేరియంకు ఇదే ఇన్సూరెన్స్.

ఇన్సూరెన్స్ అన్నాను కాబట్టి, నన్ను మీ చేప కంటే ఎక్కువ కలవరపెట్టింది మీ ఉత్తరంలోని చివరి వాక్యం. హోమ్ లోన్ ఉంది, మీ ఒక్కరి జీతం, ఆఫీసు పాలసీ తప్ప ఏమీ లేదు. ఉద్యోగం మారిన రోజు ఆ పాలసీ మీది కాదు. కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి. నెలకు పదిహేను వందల అటూ ఇటూ అవుతుందనుకోండి, సిగరెట్ అలవాటు, ఆరోగ్యం బట్టి మారుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, అది కొంత కలిసొస్తుంది. ప్రపోజల్ ఫారంలో ఏదీ దాచకండి.

కార్డు బాకీ తీరాక మీ నెల ఇలా ఉంటుంది: మిగిలే ఎనిమిది వేలలో ట్యాంకుకు ఐదు, టర్మ్‌కు ఒకటిన్నర. ఉండే పదిహేను వందల్లో వెయ్యి అత్యవసర నిధికి, ఐదు వందలు చేపల పేరున ఒక ఆర్డీ. ట్యాంకు ఐదు వేలలోని పరికరాల 1,250 కూడా వేరే ఖాతాలో పడాలి, ఇంటి డబ్బుతో కలిపితే కరిగిపోతుంది.

నాలుగు నెలల్లో ఆ ఆర్డీలో రెండు వేలు జమవుతాయి. అప్పటికి ట్యాంకు కూడా శుభ్రపడి ఉంటుంది. అప్పుడు పాపను తీసుకెళ్లి ఒక గోబీనో బ్లెన్నీనో ఎంచుకోమనండి. రెండు మూడు అంగుళాలకు మించని రకాలు, ఇసుకలో గుంతలు తవ్వుకుంటూ, రాళ్ల మీద నాచు గీకుతూ పిల్లలకు భలే కాలక్షేపం. హేచరీలో పుట్టిన చేప దొరికితే అదే అడగండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ల తమిళనాడు మండపం కేంద్రంలో క్లౌన్ ఫిష్‌ను పుట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. ట్యాంకు నీళ్లలో పుట్టినవి మేతకు త్వరగా అలవాటు పడతాయి. బ్లూ టాంగ్‌ను మొదటిసారి అలా పెంచింది 2016లో, ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు. మార్కెట్లో దొరికేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే. ఏ చేపయినా షాపులో మీ కళ్ల ముందు మేత తినకపోతే డబ్బు కట్టొద్దు. నచ్చితే అడ్వాన్స్ ఇచ్చి పది రోజులు అక్కడే ఉంచమనండి. ఒప్పుకోని షాపతను ఆ చేప మీద తనకే నమ్మకం లేదని చెబుతున్నట్టు.

కోరల్స్ సంగతి అడిగారు. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూలే. పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. షాపులో బహిరంగంగా పెట్టి అమ్మినా, ‘అందరూ పెంచుతున్నారు’ అన్నా, ముట్టుకోకండి.

ట్యాంకు అమ్మకం మాట. వాడిన అక్వేరియం సామానుకు సగం ధర కూడా రావడం కష్టం. చేపలకు కొత్త ఇల్లు వెతకాలి, అందుకోసం ఎవరికో ఉచితంగా ఇవ్వాల్సి రావచ్చు. నెలకు ఐదు వేలు, అప్పు లేకుండా, పైన చెప్పినవన్నీ కట్టాక మిగులుతున్నంత కాలం మీ ఇంట్లో అందరికీ ఇష్టమైన దాన్ని తీసేయమని నేను చెప్పను. కానీ రెండు సందర్భాల్లో మాత్రం వెనకాడొద్దు. ట్యాంకు కోసం మళ్లీ కార్డు బాకీ ఒక నెల నుంచి ఇంకో నెలకు దాటినా, టర్మ్ ప్రీమియం కట్టలేక ఆపాల్సి వచ్చినా, చేపలను మంచి చేతుల్లో పెట్టి చిల్లర్ పనిచేస్తుండగానే అమ్మేయండి. పాడయ్యాక దానికి పాత ఇనుము ధరే వస్తుంది.