సర్వర్ సందేహాలు: వెర్షన్ మారాక లాగిన్ మొరాయిస్తే

ప్రశ్న: మా జావా అప్లికేషన్‌ను టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) 9 నుంచి 10.1కి మార్చాం. పెట్టింది పాత వార్ ఫైలే (అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన మూట). లాగిన్ పేజీ వస్తోంది, బటన్ నొక్కితే మాత్రం 404 (పేజీ దొరకలేదు). రిపోర్టుల జేఎస్‌పీ పేజీలు (సర్వర్ జావాతో తయారుచేసేవి) కొన్ని లాగిన్ కాకుండానే తెరుచుకుంటున్నాయి. లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ లేదు. (ఒక పాఠకుడు, మాదాపూర్)

జవాబు: 404 సంగతి తర్వాత. తలుపులు తెరుచుకుని ఉన్నాయి కాబట్టి ముందు ఆ సర్వర్‌కు బయటి నుంచి దారి మూసేయండి.

జావా ఈఈ (సర్వర్ అప్లికేషన్ల కోసం ఉన్న జావా ప్రమాణాలు) బాధ్యత ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు వెళ్లింది గానీ, 'జావాఎక్స్' ప్యాకేజీ పేర్లను మార్చి వాడుకునే హక్కు వెళ్లలేదు. అందుకే 2020లో వచ్చిన జకార్తా ఈఈ (జావా ఈఈకి కొత్త పేరు) 9లో ఆ పేర్లన్నీ 'జకార్తా'గా మారాయి. టామ్‌క్యాట్ 10 వెతికేది కొత్త పేర్ల కోసమే. మీ లాగిన్ సర్వ్‌లెట్ (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే కోడ్), ఫిల్టర్ల (రిక్వెస్ట్‌ను ముందే తనిఖీ చేసే కోడ్) మీదున్నవి పాత జావాఎక్స్ యానొటేషన్లు (కోడ్ మీద రాసే గుర్తులు). వాటిని అది తప్పని అనదు, అసలు చూడనే చూడదు. సర్వ్‌లెట్ రిజిస్టర్ కాలేదు కాబట్టి 404. ఫిల్టర్ కూడా కాలేదు కాబట్టి, దాని కాపలాలో ఉండాల్సిన జేఎస్‌పీలు అందరికీ కనిపిస్తున్నాయి. అదే ఫిల్టర్‌ను వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో (అప్లికేషన్ సెట్టింగ్‌ల ఫైల్) రాసి ఉంటే క్లాస్ దొరకలేదని గోల చేసి స్టార్టప్‌లోనే ఆగిపోయేది. ఆ గోలే నయం.

తాత్కాలికంగా అయితే పాత వార్‌ను వెబ్‌యాప్స్‌లో కాకుండా 'వెబ్‌యాప్స్-జావాఈఈ' ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ఫోల్డర్ లేకపోతే మీరే సృష్టించండి. టామ్‌క్యాట్ దాన్ని మార్చుకుని వెబ్‌యాప్స్‌లో వేసుకుంటుంది. శాశ్వతంగా కావాలంటే ఇంపోర్ట్‌లు మార్చి, సర్వ్‌లెట్ ఏపీఐ 6.0తో మళ్లీ కంపైల్ చేయాలి. మేవెన్‌లో (బిల్డ్ సాధనం) దాని స్కోప్ 'ప్రొవైడెడ్' అని, అంటే సర్వరే ఇస్తుందని, ఉండాలి. వెబ్-ఇన్ఫ్ కింది లిబ్‌లో పాత సర్వ్‌లెట్ ఏపీఐ జార్ మిగిలిపోతే, వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లోని పాత ఫిల్టర్ల దగ్గర క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ (క్లాస్ రకం సరిపోలేదనే ఎర్రర్) వస్తుంది. ఆ జార్‌ను తీసేయండి.

ఇంపోర్ట్‌లు మార్చేటప్పుడు 'జావాఎక్స్' అని కనిపించిన ప్రతిచోటా 'జకార్తా' అని కొట్టుకుంటూ పోకండి. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, నేమింగ్, క్రిప్టో, నెట్.ఎస్‌ఎస్‌ఎల్ జేడీకేకు (జావా మూల కిట్) చెందినవి, అవి మారవు. లాగిన్ కోడ్‌లో అసలు తికమక ఇదీ: జేఏఏఎస్ (జావాలోనే ఉండే లాగిన్ వ్యవస్థ) లాగిన్ మాడ్యూల్ ఉండే జావాఎక్స్.సెక్యూరిటీ.ఆథ్ అలాగే ఉంటుంది. దాని కిందే ఉండే 'మెసేజ్' ప్యాకేజీ మాత్రం, అంటే జాస్పిక్ (సర్వర్‌కు లాగిన్ పద్ధతులను తగిలించే ప్రమాణం), జకార్తాకు వెళ్లిపోయింది.

చివరగా కుకీ లేకుండా కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి పేజీలు అడిగే సాధనం) రక్షిత పేజీలన్నీ అడిగి చూడండి. 302 (వేరే పేజీకి మళ్లింపు) గానీ 401 (లాగిన్ కావాలి) గానీ రావాలి. ఒక్కచోట 200 (పేజీ ఇచ్చేసింది) వచ్చినా సర్వర్‌ను బయటికి వదలకండి.

ప్రశ్న: టామ్‌క్యాట్ 7 నుంచి 9కి మారాక అందరి పాస్‌వర్డ్‌లూ తప్పంటోంది. డేటాబేస్‌లో ఉన్నవి ఎండీ5 హాష్‌లు (పాస్‌వర్డ్‌కు బదులు దాచే, వెనక్కి తిప్పలేని రూపం). (ఒక పాఠకురాలు, అమీర్‌పేట)

జవాబు: సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో రెల్మ్‌కు (యూజర్లను, పాస్‌వర్డ్‌లను సరిచూసే భాగం) 'డైజెస్ట్' అనే యాట్రిబ్యూట్ ఉందేమో చూడండి. టామ్‌క్యాట్ 9లో ఆ యాట్రిబ్యూట్ లేదు. స్టార్టప్ లాగ్‌లో 'డైజెస్ట్'కు సరిపోయే ప్రాపర్టీ దొరకలేదని ఒక హెచ్చరిక పడుతుంది, అంతే. ఆ తర్వాత యూజర్ కొట్టిన పాస్‌వర్డ్‌ను హాష్ చేయకుండానే డేటాబేస్‌లో ఉన్నదానితో పోల్చేస్తుంది. నిర్ధారించుకోవాలంటే ఒక టెస్ట్ యూజర్ హాష్‌ను డేటాబేస్ నుంచి కాపీ చేసి పాస్‌వర్డ్ గడిలో పెట్టండి, లోపలికి వెళ్తారు! హాష్‌లు ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రెల్మ్ లోపల క్రెడెన్షియల్‌హ్యాండ్లర్ ఎలిమెంట్ పెట్టి, మెసేజ్‌డైజెస్ట్‌క్రెడెన్షియల్‌హ్యాండ్లర్ క్లాస్ పేరు, అల్గారిథమ్‌గా ఎండీ5 ఇవ్వండి. పాత పాస్‌వర్డ్‌లు పనిచేస్తాయి. అక్కడితో ఆగొద్దు, ఎండీ5 కాలం చెల్లినది. నెస్టెడ్‌క్రెడెన్షియల్‌హ్యాండ్లర్‌లో ముందు సీక్రెట్‌కీక్రెడెన్షియల్‌హ్యాండ్లర్‌ను (ఎండీ5 కంటే బలమైన హాష్‌ల కోసం), దాని తర్వాత ఎండీ5ను పెడితే రెండు రకాల హాష్‌లూ చెల్లుతాయి. పాస్‌వర్డ్ మార్చుకున్నవారికి కొత్త హాష్ రాసే పని మాత్రం మీ అప్లికేషన్‌దే. ఇప్పుడు వాడేది జేడీబీసీరెల్మ్ అయితే ఈ ఊపులోనే డేటాసోర్స్‌రెల్మ్‌కు మారండి, టామ్‌క్యాట్ 10లో జేడీబీసీరెల్మ్ లేదు.

ప్రశ్న: స్ప్రింగ్ సెక్యూరిటీ (జావా అప్లికేషన్లలో లాగిన్, అనుమతులు చూసే లైబ్రరీ) 5 నుంచి 6కి వెళ్లాం. మా సొంత లాగిన్ కంట్రోలర్ విజయం అంటుంది, తర్వాతి పేజీలో మళ్లీ లాగిన్ అడుగుతుంది. (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: 5లో సెక్యూరిటీకాంటెక్స్ట్‌ను (ఎవరు లాగిన్ అయ్యారనే సమాచారం) ఫిల్టరే సెషన్‌లో దాచేది. 6లో ఆ పని మీది. కంట్రోలర్‌లో ఆథెంటికేట్ అయ్యాక కొత్త ఖాళీ కాంటెక్స్ట్ సృష్టించి, అందులో ఆథెంటికేషన్ పెట్టి, హెచ్‌టీటీపీసెషన్‌సెక్యూరిటీకాంటెక్స్ట్‌రిపోజిటరీ మీద సేవ్‌కాంటెక్స్ట్‌ను రిక్వెస్ట్, రెస్పాన్స్‌లతో పిలవండి. ఆ లాగిన్ ఫిల్టర్ల గుండా పోకుండా మీ కంట్రోలర్‌లోనే జరుగుతోంది కాబట్టి, సెషన్ ఐడీ మార్చడం కూడా మీ చేతిలోనే ఉంది. రిక్వెస్ట్ మీద చేంజ్‌సెషన్‌ఐడీ పిలవడం మరవకండి.