గుంటూరు నల్లరేగడిలో చియా వేయొచ్చా?

పెదకాకాని దగ్గర రెండెకరాల నల్లరేగడిలో మిర్చి మానేసి చియా (సబ్జాలా నానితే జిగురు కట్టే సన్న గింజల పంట) వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చండి, పండుతుంది. తాడికొండ వైపు మా చేలో నేను వేస్తున్నాను. అయితే మొదటి ఏడాది అరెకరానికి మించొద్దు. పండించడం కన్నా అమ్ముకోవడమే కష్టం. మిర్చి టిక్కీలు (బస్తాలు) గుంటూరు మిర్చి యార్డుకి తోలితే ఏదో ఒక రేటు పలుకుతుంది. చియాకి ఇక్కడ అలాంటి చోటు లేదు, మార్కెట్ అంతా మైసూరు వైపు, మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో ఉంది. కొనేవాళ్లతో రేటు ఎంతో, గింజ ఎంత శుభ్రంగా ఉండాలో, రవాణా ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకున్నాకే విత్తనం తెచ్చుకోండి. పంట మేమే కొంటామని నోటిమాట చెప్పి విత్తనం అంటగట్టేవాళ్లను దగ్గరికి రానీయకండి.

ఇక విత్తే అదును. పగటి నిడివి 12 గంటల లోపుకి తగ్గితేనే ఈ మొక్క పూతకొస్తుంది. జూన్‌లో వేస్తే మనిషెత్తు పెరిగి, పూత కోసం అక్టోబర్ దాకా ఆగి, తుపాను గాలికి పడిపోతుంది. అక్టోబర్ రెండో పక్షంలో వేస్తే జనవరి ఆఖరుకో ఫిబ్రవరిలోనో, వానల భయం లేనప్పుడు కోతకొస్తుంది. ఆ భయం ఊరికే చెప్పడం లేదు. పండిన వెన్ను తడిస్తే లోపలి గింజ చుట్టూ జిగురు కట్టి, నలిపితే వేళ్లకు అతుక్కుంటుంది. ఆరబెట్టినా ఉండలే మిగులుతాయి. ఆ సరుకు ఎవరూ కొనరు.

ఎకరానికి కిలో, కిలోన్నర విత్తనం చాలు. గింజ రెండు మిల్లీమీటర్లే, పొడి ఇసుకలో కలిపి పైపైన వేయాలి, లోతుకి పోతే మొలవదు. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి బోదెల మీద వేయడం మేలు. మొదటి నెలన్నర కలుపు తీయక తప్పదు, కూలి ఖర్చు ఎక్కువ అక్కడే. ఆకు వాసనకి పశువులు ముట్టవు, పురుగు కూడా తక్కువే. మిర్చికి కొట్టే మందుల ఖర్చు చూసినవాళ్లకి ఇదే పెద్ద ఊరట.

నూర్పిడికి బరకాలు తప్పనిసరి, నేల నెర్రెల్లో పడ్డ గింజ మళ్లీ దొరకదు. గోనె సంచుల్లోంచి కూడా కారిపోతుంది, సన్న నేత సంచులు తెచ్చుకోండి. మాకు ఎకరానికి మూడు క్వింటాళ్ల లోపే వచ్చింది, లెక్క దాని మీదే వేసుకోండి.

మీది బోరా, కాలవా? అది చెబితే తడుల సంగతి రాస్తాను.