రాగి నానోక్యూబులు గంటలోనే ఎథిలీన్ ఇవ్వడం మానేస్తే

కార్బన్ డయాక్సైడ్‌ని రాగి నానోక్యూబుల (అతి చిన్న ఘనాకార రాగి కణాల) మీద కరెంట్‌తో రెడ్యూస్ చేస్తుంటే, అంటే ఎలక్ట్రాన్లిచ్చి మారుస్తుంటే, మొదటి అరగంట ఎథిలీన్ బాగా వచ్చి, గంట దాటేసరికి హైడ్రోజనే మిగులుతోంది, క్యూబులు పాడయ్యాయా అని అడిగారు. అయ్యుండొచ్చు. కానీ ముందు పాలిష్ చేసిన మామూలు రాగి రేకుని అదే ద్రావణంలో, అదే పొటెన్షియల్ (వోల్టేజ్) దగ్గర నడిపి చూడండి. దానిక్కూడా ఎథిలీన్ పడిపోతే క్యూబులను వదిలేసి ద్రావణాన్ని పట్టుకోండి.

0.1 మోలార్ పొటాషియం బైకార్బనేట్ ఎంత మేలురకం పొడితో కలిపినా ఇనుము, జింకు జాడలు ఉంటాయి. కేథోడ్ (ఇక్కడ రాగి ఎలక్ట్రోడ్) పొటెన్షియల్‌కి అవి రాగి మీద పేరుకుంటాయి. ఇనుము మీద హైడ్రోజన్ తేలిగ్గా పుడుతుంది, ఇక చెప్పేదేముంది! రాగి ఉపరితలం తక్కువై, ద్రావణం ఎక్కువైతే ఈ దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది. రాగి మీద హైడ్రోకార్బన్లు వస్తాయని 1980లలో చూపిన జపాన్ రసాయన శాస్త్రవేత్త యోషియో హోరి బృందమే ఈ విషప్రభావాన్నీ గుర్తించి, ప్రీ-ఎలక్ట్రాలిసిస్ చేయమంది. అంటే వేరే కేథోడ్ వేసి, చాలా తక్కువ కరెంట్‌తో రాత్రంతా నడపడం. కరెంట్ ఆపకుండానే ఆ కేథోడ్‌ని పైకి తీయాలి. స్విచ్ ముందు కట్టేస్తే పట్టిన లోహం మళ్లీ కరిగిపోతుంది. లోహ అయాన్లను పట్టేసే చీలెక్స్ రెజిన్ కూడా పనిచేస్తుంది, కాకపోతే సోడియం రూపంలో ఉన్నదాన్ని పొటాషియం రూపంలోకి మార్చుకుని వాడండి.

ఆనోడ్ (ఎదుటి ఎలక్ట్రోడ్) ప్లాటినం తీగ అయితే అదో తలనొప్పి. కొద్దికొద్దిగా కరిగి కేథోడ్‌కి చేరుతుంది, అక్కడ హైడ్రోజన్‌కి అంతకన్నా మంచి కేటలిస్ట్ లేదు. మధ్యలో ఆనయాన్ ఎక్స్ఛేంజ్ మెంబ్రేన్ (ముఖ్యంగా రుణ అయాన్లను పోనిచ్చే పొర) ఉన్నా సరే, గ్రాఫైట్ రాడ్‌కి మారడమే మేలు.

కార్బన్ డయాక్సైడ్ సరిగా అందకపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. 25 డిగ్రీల దగ్గర నీటిలో కరిగేది సుమారు 34 మిల్లీమోలార్ మాత్రమే. రన్ చివర పీహెచ్ చూడండి: 6.8 దగ్గర ఉండాలి, 8 వైపు పోతుంటే బబ్లింగ్ చాలట్లేదు.

లెక్క కూడా సరిచూసుకోండి. ఎథిలీన్ అణువుకి 12 ఎలక్ట్రాన్లు. గ్యాస్ నిమిషానికి 20 మిల్లీలీటర్లు పోతూ జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో) ఎథిలీన్ 500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతులు) కనిపిస్తే అది దాదాపు 7.9 మిల్లీఆంపియర్లు, మొత్తం కరెంట్ 20 అయితే ఫారడే సామర్థ్యం, అంటే కరెంట్‌లో ఎథిలీన్‌కి వెళ్లిన వాటా, 39 శాతం. ఫ్లో మీటర్‌ని సెల్‌కి ముందు కాదు, తర్వాత పెట్టండి.

రేకు ఎథిలీన్ నిలకడగా ఇస్తూ క్యూబులు మాత్రమే పడిపోతే, అప్పుడు రన్‌కి ముందూ తర్వాతా ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం) తీయించండి. అంచులు గుండ్రబడితే ఎథిలీన్‌కి అనువైన (100) రకం స్ఫటిక ముఖాలు పోతున్నట్టే.